మౌనాన్ని అనుమతిగా చదివిన తీర్పు

నేరస్థుల అప్పగింతకు ఒడంబడిక ఉన్న పొరుగు దేశం నుంచి నిందితుణ్ణి బలవంతంగా ఎత్తుకొని వస్తే, అతణ్ణి విచారించే అధికారం న్యాయస్థానానికి ఉంటుందా? 1992 జూన్ 15న ఆల్వరెజ్ మచాయిన్ కేసులో అమెరికా సుప్రీంకోర్టు ముందుకు వచ్చిన ప్రశ్న ఇదే. ఉంటుందని ఆరుగురు న్యాయమూర్తులు, ఉండదని ముగ్గురు అన్నారు.

1985లో మెక్సికోలో అమెరికా మాదకద్రవ్య నిరోధక అధికారి ఒకరిని చిత్రహింసలు పెట్టి చంపారు. ఆ హింసకు తోడ్పడ్డాడన్న ఆరోపణపై గ్వాదలహారాలోని వైద్యుడు ఆల్వరెజ్‌ను 1990 ఏప్రిల్‌లో అతడు పనిచేసే గదిలోనే పట్టుకొని, విమానంలో టెక్సాస్‌కు చేర్చారు. పట్టి తెచ్చినవారికి ప్రతిఫలం ఇస్తామన్నది అమెరికా ప్రభుత్వ సంస్థే. మెక్సికో తీవ్రంగా నిరసించింది.

ప్రధాన న్యాయమూర్తి రెన్‌క్విస్ట్ వాదం పైకి సరళమైనది. 1978 నాటి ఒడంబడికలో అపహరణను నిషేధించే వాక్యం లేదు. కనుక ఉల్లంఘన జరగలేదు. ఇందుకు 1886 నాటి కేర్ కేసును ఆధారం చేసుకున్నారు. కాని కేర్‌ను పెరూ నుంచి పట్టి తెచ్చినవాడు తనకిచ్చిన అధికార పత్రాలను పక్కనపెట్టి సొంతంగా నడుచుకున్నవాడు. ఇక్కడ ప్రభుత్వమే కర్త. ఈ తేడాకు తీర్పు ఇవ్వవలసిన బరువు ఇవ్వలేదు. పైగా, ఈ చర్య అంతర్జాతీయ న్యాయ సూత్రాలకు విరుద్ధం కావచ్చునని ఒప్పుకొంటూనే, ఆ సంగతి పాలకులు చూసుకోవాలని వదిలివేసింది. తీర్పులో అన్నిటికంటే బలహీనమైన చోటు ఇదే. అప్పగింతకు షరతులు, పత్రాలు, నిరాకరించే వీలు, ఇన్ని రాసుకున్న రెండు ప్రభుత్వాలు ‘ఎత్తుకుపోరాదు’ అని కూడా రాసుకోవాలా? తలుపుకు తాళం వేసిన గృహస్థు గోడకు కన్నం వేయవద్దని బోర్డు కట్టడు కదా!

మన ఫుఖహాలు ఈ చిక్కును ఏనాడో విప్పారు. అమాన్ పొంది శత్రుదేశంలో ప్రవేశించిన ముస్లిం అక్కడివారికి ద్రోహం చేయడం హరామ్ అని ఇమామ్ ఇబ్నె ఖుదామా (రహ్మలై) ‘అల్ ముగ్నీ’లో చెప్పారు. ద్రోహం చేయరాదన్న షరతు మాటల్లో లేకపోయినా అర్థంలో ఉన్నదే అని ఆయన వివరణ. దివ్య ఖుర్ఆన్ అన్ఫాల్ సూరా 72వ ఆయతు మరింత కఠినం: ధర్మం విషయంలో సహాయం కోరే విశ్వాసులకు తోడ్పడడం విధే అయినా, ఒడంబడిక ఉన్న జాతికి వ్యతిరేకంగా ఆ సహాయం చెల్లదు.

అమెరికా కోర్టు చేయలేని పని దక్షిణాఫ్రికా కోర్టు చేసింది. ఆఫ్రికన్ నేషనల్ కాంగ్రెస్‌కు చెందిన ఇబ్రాహీం ఇస్మాయీల్ ఇబ్రాహీంను 1986 డిసెంబరులో స్వాజీలాండ్ నుంచి అపహరించి, రాజద్రోహానికి 20 ఏళ్ల శిక్ష వేశారు. 1991లో అక్కడి అప్పీలు న్యాయస్థానం ఆ శిక్షను కొట్టివేసింది. కోర్టుకెక్కే రాజ్యం తానే చట్టం మీరి రాకూడదన్నది దాని తర్కం. వర్ణవివక్ష రాజ్యాంగం ఇంకా అమలులో ఉన్న రోజులవి!

ముస్లిం పాలకుల చేతులూ శుభ్రమేమీ కావు. 1993 డిసెంబరులో కైరోలో మాయమైన లిబియా మాజీ విదేశాంగ మంత్రి మన్సూర్ కిఖియా అవశేషాలు 2012లో లిబియాలోనే బయటపడ్డాయి. ఆయనకు విచారణ అన్న మాటే లేకపోయింది.

ఆల్వరెజ్‌కు విచారణ దక్కింది. 1992 డిసెంబరులో, సుప్రీంకోర్టు తీర్పు వచ్చిన ఆరు నెలలకు, విచారణ న్యాయమూర్తి సాక్ష్యం చాలదని కేసు కొట్టివేసి అతణ్ణి మెక్సికోకు పంపించారు.