బరువైన మాటను వినే నేర్పు

ఆత్మహత్య ఆలోచనలతో వచ్చిన మనిషి ఎదుట తొలిసారి కూర్చున్న థెరపిస్టుకు కాళ్లూ చేతులూ ఆడకపోవడం సహజం. ఆ భయాన్ని లోపల ఉంచుకునే "చచ్చిపోవాలని అనిపిస్తోందా?" అని సూటిగా అడగడం ఈ పనిలో మొదటి మెట్టు. అడిగితే లేని ఆలోచన పుడుతుందేమోనన్న జంకు కొత్తవారిలో ఉంటుంది. అలా పుట్టదని పరిశోధనలు చెబుతున్నాయి. జవాబు వచ్చాక ఓదార్పుకో నీతులకో తొందరపడకుండా వినడం రెండో మెట్టు.

కొత్తవారికి పెద్ద ఆసరా ఒక కాగితం. అమెరికాలో బార్బరా స్టాన్లీ, గ్రెగరీ బ్రౌన్ రూపొందించిన భద్రతా ప్రణాళికలో ముప్పు సూచనలు, మనసు మళ్లించే పనులు, పిలవదగ్గ ఆప్తులు, వైద్య సహాయ నంబర్లు, పరిసరాలను సురక్షితం చేసుకునే మార్గాలు వరుసగా ఉంటాయి. దాన్ని రోగి మాటల్లోనే ఇద్దరూ కలిసి రాస్తారు. "అక్కకు ఫోన్ చేస్తాను" అన్న ఒక్క వాక్యం ఇద్దరికీ పట్టునిస్తుంది. మన దేశంలో 2022లో మొదలైన మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీ మానస్ నంబరు 14416 కూడా అందులో చేరుతుంది.

మిగిలిన బరువును సీనియర్లు పంచుకుంటారు. వారితో కేసు చర్చించడం, అంచనానూ నిర్ణయాన్నీ రికార్డులో రాయడం, నిద్ర పట్టకపోతే దాచకుండా చెప్పడం పనిలో భాగమే. రోగి ప్రాణం దక్కనప్పుడు దుఃఖం, అపరాధభావం, కోపం ముసురుకుంటాయి. అప్పుడు థెరపిస్టుకూ తోడు కావాలి. అనుభవం భయాన్ని పూర్తిగా పోగొట్టదు. తన చేతిలో ఉన్నదెంతో, లేనిదెంతో ఎరిగి, మర్నాడు మరొకరి మాట శ్రద్ధగా వినగలగడమే ఈ వృత్తిలోని పనితనం.