ఏడింటినే అడిగితే చాలు

మిరపకాయ ఎండిందో లేదో చూడటానికి మా మామయ్య గుప్పెడు కాయలు తీసి చెవి దగ్గర ఆడిస్తాడు. గింజలు గలగలమంటే టిక్కీలకు ఎత్తొచ్చు, మూగగా ఉంటే ఇంకో రెండు ఎండలు కావాలి. పక్కన ట్రాక్టరు మోగుతున్నా, కోత మనుషులు కబుర్లాడుకుంటున్నా ఆయన చెవి వాటి జోలికి పోదు.

స్పెక్ట్రమ్ విశ్లేషణ పాఠం చెప్పేటప్పుడల్లా నాకు ఆ గుప్పెడే గుర్తొస్తుంది. మేం ముందు నేర్పేది 1965లో కూలీ, ట్యూకీ ప్రచురించిన ఎఫ్‌ఎఫ్‌టీ, ధ్వనిలోని స్వరాలన్నిటి బలాన్నీ ఒకేసారి లెక్కగట్టేది. మహత్తరమైన పద్ధతే. కానీ మామయ్య బోరు దగ్గరి సెల్‌ఫోన్ స్టార్టరుకు అంత అక్కర్లేదు. రాత్రి త్రీఫేజ్ కరెంటు రాగానే ఆయన ఇంటి నుంచే ఫోన్ చేసి 1 నొక్కుతాడు. ఆ అంకెకు 697, 1209 హెర్ట్జ్ అని రెండు స్వరాలు. ఫోన్ మీది పన్నెండు మీటలకూ కలిపి స్వరాలు ఏడే. 256 నమూనాల ఎఫ్‌ఎఫ్‌టీ అయితే 129 చోట్ల బలం లెక్కగడుతుంది.

ఆ ఏడు స్వరాలనే గుర్తుపట్టే చిప్పులు దొరుకుతాయి. ప్రోగ్రాము రాయాలంటే మాత్రం నాకిష్టమైన దారి గోర్ట్‌జెల్ 1958లో చూపినది. వెతికే స్వరానికి ఒక స్థిరసంఖ్య ఉంటుంది. దాంతో కిందటి విలువను గుణించి, అంతకు ముందరి విలువ తీసేసి, కొత్త నమూనా కలపాలి. అంతే. గుర్తుంచుకోవాల్సినవి రెండు విలువలే. వెతికే స్వరం వచ్చే ధ్వనిలో ఉంటే ఈ విలువల ఊగు పెరుగుతూ పోతుంది, ఉయ్యాలను సరైన అదనులో తోసినట్టు.

ఎన్ని నమూనాలు తీసుకోవాలన్నది అసలు చిక్కు. సెకనుకు 8000 చొప్పున 205 తీసుకోవడం వాడుక, అంటే 25.6 మిల్లీసెకన్లు. ఎందుకు 205 అని పిల్లలు ఏటా అడుగుతారు. పుస్తకంలో ఉందని చెప్పి తప్పించుకున్న రోజులున్నాయి, అది నన్ను చాలాకాలం బాధించింది.

అందుకే ఈసారి ఎఫ్‌ఎఫ్‌టీ కంటే ముందే గోర్ట్‌జెల్ పద్ధతిని ల్యాబులో పెట్టి, 697 స్వరం నమూనాలిచ్చి కాలిక్యులేటర్లతో కూర్చోబెట్టాను. సగం మంది 697ని వెతికారు, సగం మంది పక్కనున్న 770ని. యాభయ్యో నమూనా దాకా రెండు ఊగులూ పెరుగుతూనే ఉన్నాయి. "రెండూ ఉన్నట్టే ఉందే సార్!" అన్నదో అమ్మాయి. ఆపొద్దన్నాను. నూట పదో నమూనా దగ్గరికి వచ్చేసరికి 770 వాళ్ల కాగితాల మీద అంకెలు దాదాపు సున్నాకు పడిపోయాయి. 697 వాళ్లవి ఇంకా పెరుగుతున్నాయి.