వానకు ముందే సామాను కట్టే చేతులు

హ్యూస్టన్‌లో బడులకు సెలవులిచ్చే వేసవిలోనే చాలామంది ఇళ్లు మారతారు. అట్లాంటిక్ హరికేన్ల కాలమూ అప్పుడే మొదలు, జూన్ 1 నుంచి నవంబర్ 30 దాకా. ఆ రోజుల్లో సామాను చేరవేసే మూవర్స్ పనితనం చూస్తే నాకు చేతులెత్తి మొక్కాలనిపిస్తుంది.

మా ఇంటికొచ్చిన మూవర్స్ మేస్త్రీ ముందు చూసింది మా సోఫాను కాదు, ఫోన్‌లో నేషనల్ హరికేన్ సెంటర్ పటాన్ని. తుఫాను ఉన్నప్పుడు అక్కడ ఆరు గంటలకోసారి కొత్త అంచనా వస్తుంది. పటంలోని శంకువు తుఫాను కేంద్రం వెళ్లగల దారినే చెబుతుంది, వాన దాని బయటా కురుస్తుంది. 2017లో హార్వీ తుఫాను ఈ ఊరిని ముంచింది వానతోనే.

ఇక కట్టడం. చెక్క బీరువాకు ముందు దుప్పటి, ఆపైన ప్లాస్టిక్ పొర. తోలు సోఫాకు నేరుగా ప్లాస్టిక్ చుట్టరు, ఇక్కడి ఉక్కకు లోపల చెమ్మ పడుతుంది. బరువైనవి ట్రక్కు ముందు గోడకు ఆనించి, సందు లేకుండా పైదాకా పేర్చి, పట్టీలతో బిగించారు. పాస్‌పోర్టులు, మందులు, పెళ్లి ఆల్బమ్ మా కారులోనే పెట్టుకోమన్నారు. మా అత్తగారి ఇత్తడి బిందెను ఒకతను పసిబిడ్డలా పొదివి పట్టుకుని మెట్లు దిగాడు. తొలి చినుకు పడేసరికి ట్రక్కు తలుపు మూసేశారు.