కావ్యపాకం – ఫలపరిణామం: ద్రాక్షా, కదళీ, నారికేళ పాకాల పునఃపరిశీలన

తెలుగు కావ్యవిమర్శలో ద్రాక్షాపాకం, కదళీపాకం, నారికేళపాకం అన్న మాటలు బహుళ ప్రచారంలో ఉన్నాయి. ద్రాక్షపండు నోట వేసుకోగానే రసమిస్తుంది. అరటిపండుకు తొక్క ఒలవాలి. కొబ్బరికాయకు పీచు తీసి, పెంకు పగలగొట్టాలి. ఈ వరుసలోనే కవిత్వాన్ని సులభం, మధ్యమం, కఠినం అని విభజించి బోధించడం పరిపాటి అయింది. పోతన పద్యాన్ని మొదటి కోవలోను, వసుచరిత్రను మూడవ కోవలోను చేర్చడం ఇందుకు ఉదాహరణ. ఈ విభజనకు కొలమానం తినేవాని శ్రమ. ‘పాకం’ అన్న శబ్దానికి మూలార్థం వండటం, పండటం. పండటం చెట్టుకు సంబంధించిన క్రియ. చెట్టు వైపు నుంచి పుట్టిన ఈ పరిభాష తినేవాని వైపు ఎట్లా ఒరిగింది? ఆ మార్పు వల్ల విమర్శ కోల్పోయినదేమిటి? ఈ రెండు ప్రశ్నలను పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

వామనుడు కావ్యాలంకారసూత్రవృత్తిలో గుణాల స్ఫుటత్వాన్ని, సాకల్యాన్ని కావ్యపాకంగా చెప్పి, దానిని మామిడి పరిణామంతో పోల్చాడు. ఇక్కడ తినే ప్రసక్తి లేదు. పిందె కాయగా, కాయ పండుగా మారే క్రమమే ఉపమానం. కావ్యమీమాంసలో రాజశేఖరుడు ఈ భావనను విస్తరించాడు. ఎడతెగని అభ్యాసం వల్ల సుకవి వాక్యం పాకానికి వస్తుందని చెప్పి, తొమ్మిది పాకాలను నిర్దేశించాడు. అవి వేప, రేగు, ద్రాక్ష, వంగ, చింత, మామిడి, పోక, దోస, కొబ్బరి. వీటిని విభజించడానికి ఆయన గ్రహించిన ఆధారం ఆదిలో రుచి, పరిణామంలో రుచి.

ఈ పట్టికలో ద్రాక్ష ఆదిలో రుచించనిది, పరిణామంలో రుచికరమైనది. మామిడి ఆదిలో మధ్యమం, అంతంలో రుచికరం. కొబ్బరి ఆద్యంతాలు రెండింటా రుచికరం. తెలుగు విమర్శలో ‘కఠినం’ అన్న మాటకు పర్యాయమైన నారికేళం రాజశేఖరుని దృష్టిలో మొదటినుంచీ మధురమైనది. మనం సద్యోమధురమని చెప్పుకొనే ద్రాక్ష అక్కడ మొదట రుచి లేనిది. తినే క్రమాన్ని బట్టి చూస్తే ఈ వైరుధ్యం పరిష్కారం కాదు. పెరిగే క్రమాన్ని బట్టి చూస్తే సులభంగా విడిపోతుంది. పచ్చి ద్రాక్ష పులుపు, పండిన ద్రాక్ష తీపి. పచ్చి మామిడికాయ పులుపైనా పప్పుకూ పచ్చడికీ పనికి వస్తుంది, అందుకే మధ్యమం. దోసపిందె రుచిగా ఉండి, ముదిరితే మధ్యమమవుతుంది. వంకాయ ముదిరితే గింజపట్టి చెడుతుంది. కొబ్బరి బోండాం దశలో తీయని నీరు, లేత కొబ్బరి ఇస్తుంది; ముదిరిన తరువాత గట్టి కొబ్బరి ఇస్తుంది. ఆద్యంతాలు రెండింటా అసహ్యమని ఆయన చెప్పిన వేప ఒక్కటే ఈ అన్వయానికి పూర్తిగా లొంగదు. వేపపండు మాగితే గుజ్జులో కొంత తీపి ఉంటుంది. అయినా అధికభాగం ఉదాహరణలు చెట్టుమీది పరిణామాన్నే సూచిస్తున్నాయి.

దృష్టి మారిన దశకు ఆధారాలు తెలుగునేలమీదే లభిస్తాయి. కాకతీయ ప్రతాపరుద్రుని ఆస్థానంలో విద్యానాథుడు రచించిన ప్రతాపరుద్రీయంలో ద్రాక్షాపాకానికి లోపలా వెలుపలా స్ఫురించే రసం, నారికేళపాకానికి లోపల గూఢంగా ఉండే రసం లక్షణాలయ్యాయి. కాలానికి సంబంధించిన భావన ఇక్కడ స్థానానికి సంబంధించినదయింది. అయితే విద్యానాథుడు చెప్పింది రసం ఉనికిని గురించి. పాఠకుని శ్రమను గురించి కాదు. కోలాచల మల్లినాథసూరి కిరాతార్జునీయ వ్యాఖ్యారంభంలో భారవి వాక్కును నారికేళఫలంతో పోల్చి, దానిని భేదించి రసికులకు అందించడాన్ని తన పనిగా చెప్పుకొన్నాడు. వ్యాఖ్యాత చేతికి వచ్చేది కోసిన కాయ. దానిని పగలగొట్టడం ఆయన ధర్మం. వ్యాఖ్యాన సంప్రదాయానికి సహజమైన ఈ దృష్టి విమర్శకు ఏకైక దృష్టి కావడంతోనే చిక్కు వచ్చింది. ‘గూఢం’ కాస్తా ‘కష్టం’ అయింది.

తినడంలోని సౌలభ్యం పండించడంలోని సౌలభ్యం కాదు. దక్కను ప్రాంతంలో ద్రాక్షతోటకు పందిరి కావాలి. ఏడాదికి రెండుసార్లు కొమ్మల కత్తిరింపు కావాలి. అరటికాయను, మామిడికాయను పక్వానికి వచ్చాక కోసి మాగవేయవచ్చు. ద్రాక్ష అట్లా కాదు. తీపి తీగమీదే ఎక్కాలి, కోసిన తరువాత ఎక్కదు. నోటికి అతి సులభమైన ఈ పండుకు రైతు చేసే సేవ అంతా ఇంతా కాదు. పోతన పద్యం ‘సులభం’ అన్నప్పుడు ఆ సౌలభ్యం వెనుక ఉన్న కత్తిరింపులు, శబ్దసంయమనం విమర్శకుని దృష్టికి రావు. సులభకవి అన్న ప్రశంస అనాయాసకవి అన్న అర్థంలోకి జారిపోతుంది.

రెండో అంచున జరిగే నష్టం ఇంకా పెద్దది. విశ్వనాథ సత్యనారాయణ కవిత్వాన్ని నారికేళపాకమని చెప్పి విద్యార్థిని దూరం నుంచే నమస్కరింపజేయడం తరగతి గదిలో అరుదు కాదు. కొబ్బరిచెట్టుమీద ఒకే సమయంలో పూత, పిందె, బోండాం, ముదురుకాయ వేర్వేరు గెలల్లో కనిపిస్తాయి. కిన్నెరసాని పాటలు, శ్రీమద్రామాయణ కల్పవృక్షం ఒకే కవి రచనలు. రాజశేఖరుని అర్థంలో నారికేళపాకమంటే ఈ రెండు దశల్లోనూ రుచి గల కవిత్వం. లేత దశలోని నీటినీ ముదిరిన దశలోని కొబ్బరినీ కలిపి చదవమని ఆ మాట ఆహ్వానిస్తుంది. నేటి వాడుకలో అదే మాట తలుపు మూస్తున్నది.

తెలుగు నుడికారం కూడా ఈ పరిశీలనకు తోడ్పడుతుంది. పిందె, కాయ, దోరపండు, పండు అని దశకొక పేరు పెట్టుకొన్న భాష మనది. కొబ్బరిని మాత్రం మనం పండు అనం. ముదిరినా అది కొబ్బరికాయే, ఎండితే కురిడీ. పండుగా మారి మెత్తబడటం దాని పరిణామం కాదు. గట్టిపడటమే దాని పరిణామం. కొన్ని కావ్యాల కాఠిన్యం లోపం కాదని, అది వాటి పరిపక్వతా రూపమని చెప్పడానికి ఇంతకన్న తగిన ఉపమానం అరుదు.

రాజశేఖరుడు తన తొమ్మిది పాకాలను మూడు త్రికాలుగా చేసి, ప్రతి త్రికంలో మొదటిదాన్ని త్యాజ్యమని, రెండవదాన్ని సంస్కరించదగినదని, మూడవదాన్ని గ్రాహ్యమని చెప్పాడు. నేటి విమర్శకు ఎక్కువగా ఉపకరించేది ఆ రెండవ శ్రేణి. రచనను పుచ్చుకోవడం, పారవేయడం మాత్రమే కాక, ఏది ఇంకా పండవలసి ఉందో గుర్తించడం కూడా విమర్శకుని పని అని అది సూచిస్తుంది. కొత్త కవి తొలి సంపుటిని చేతిలోకి తీసుకొన్నప్పుడు ‘నాకు సులభంగా ఉన్నదా’ అన్న ప్రశ్నకు ముందు ‘ఇది ఏ దశలో ఉన్నది, దేనిగా పరిణమించగలదు’ అన్న ప్రశ్న వేయాలి. ద్రాక్షా, కదళీ, నారికేళ పాకాలను విమర్శ పరిభాష నుంచి తొలగించవలసిన అవసరం లేదు. వాటిని చెట్టుమీది దశలుగా చదవడం మొదలుపెడితే, కవి సాధనను కొలవడానికి కావలసిన మాటలు మన సంప్రదాయంలోనే ఉన్నాయని తెలుస్తుంది.