రెండు పచ్చడి సీసాలు

ఈ వారం కాలమ్ అయోవా నుంచి రాస్తున్నాను. చెల్లె ఇంటికి వచ్చి మూడు వారాలైంది. ఎటు చూసినా మొక్కజొన్నే. అమెరికాలో మొక్కజొన్న అందరికంటే ఎక్కువ పండించేదీ, దాన్నుంచి ఇథనాల్ ఎక్కువగా తీసేదీ ఈ రాష్ట్రమే. ఇథనాల్ మీద నా కోపం పాఠకులకు కొత్త కాదు. ఇరవై శాతం కలిపిన పెట్రోలు మన బంకుల్లోకి వచ్చినప్పటి నుంచి పాత బండ్ల తరఫున ఎన్నోసార్లు రాశాను. అదంతా చదివిన మేనల్లుడే శనివారం పొద్దున నన్ను గ్యారేజీలోకి పిలిచి, "మామా, దీన్ని ఇథనాల్‌కు మార్చేస్తున్నా" అన్నాడు.

అది యమహా బాన్షీ. నాలుగు లావు టైర్లు, మోటార్‌సైకిల్ హ్యాండిల్, గుర్రం మీద కూర్చున్నట్టు కూర్చుని నడిపే బండి. మన రిసార్టుల్లో అద్దెకిచ్చే వాటికి ఇది అన్న వరస. పందేల కోసం, ఇసుక దిబ్బల కోసం పుట్టింది. అమెరికాలో 1987 నుంచి 2006 దాకా అమ్మారు. రెండు సిలిండర్ల టూ స్ట్రోక్ ఇంజిన్. 64 మిల్లీమీటర్ల బోరు, 54 స్ట్రోక్, 347 సీసీ. ఈ అంకెలు చూడగానే నా వయసు వాళ్లకు ఏదో గుర్తుకు రావాలి. అవును, మన రాజ్‌దూత్ 350 కొలతలే. ఆ వంశానిదే ఈ ఇంజిన్, కాకపోతే దీనికి నీళ్ల కూలింగ్ ఉంది. కిక్ కొడితే వచ్చిన చప్పుడుకు నేను నల్లగొండ క్లాక్‌టవర్ దగ్గర నిలబడ్డట్టే అనిపించింది.

అలాంటి ఇంజిన్‌లో సారా పోస్తావా అని గట్టిగానే అడిగాను. వాడు జవాబు చెప్పకుండా రెండు ఖాళీ పచ్చడి సీసాలు బల్ల మీద పెట్టాడు. రెండింటిలోనూ బంకు నుంచి తెచ్చిన ఇ85, అంటే ఇథనాలే ఎక్కువగా ఉన్న పెట్రోలు, పోశాడు. ఒకదానిలో మామూలు టూటీ ఆయిల్ వేసి ఊపి పెట్టాడు. కాసేపటికి నూనె సన్నటి దారాల్లా దిగి అడుగున పేరుకుంది. రెండోదానిలో రేసుల వాళ్లు వాడే ఆముదం కలిసిన ఆయిల్ వేసి ఊపాడు. అది విడిపోలేదు. సీసాను వెలుగుకు పట్టి చూశాను, అడుగున గీత అన్నదే లేదు. "టూ స్ట్రోక్‌కు నూనె ఇంధనంతోనే లోపలికి పోవాలి కదా మామా. మొదటి సీసా పోస్తే ఇంజిన్ పట్టేస్తుంది" అన్నాడు.

ఆముదం వాసన ముక్కుకు తగిలేసరికి మిగతా మాటలు వినిపించలేదు.

మాది మెట్ట ఊరు. చెరువు నిండని ఏడు కూడా పండేది ఆముదమే. నల్లగొండ, మహబూబ్‌నగర్ చెలకల్లో పుట్టినవాళ్లకు ఆ ముళ్ల కాయల గెలలు ఎలా ఉంటాయో చెప్పక్కర్లేదు. మా నాయనమ్మ గింజలు వేయించి, రోట్లో దంచి, పెద్ద గిన్నెలో నీళ్లు పోసి ఉడికించేది. నూనె పైకి తేలితే గరిటెతో మెల్లగా తీసి, నీటి చుక్క లేకుండా మళ్లీ కాచేది. అదే వంటాముదం. పసిపిల్లల మాడుకు అదే, దీపానికి అదే. ఎండ్లబండి ఇరుసుకు పెట్టే కందెన కూడా వరిగడ్డి మసిని ఆముదంలో కలిపి చేసిందే. కందెన లేని బండి కిర్రుమంటుంటే తాత ఊరుకునేవాడు కాదు. ఎద్దుల ఉసురు తగులుతుందనేవాడు. యంత్రం మాట వినాలన్న నా పట్టుదల అక్కడ పుట్టిందే.

మా ఇంటి ఇరుసుకు పెట్టిన నూనే మొదటి ప్రపంచ యుద్ధంలో రోటరీ ఇంజిన్ల విమానాలను నడిపిందని చాలా ఏళ్ల తర్వాత చదివాను. ఆ ఇంజిన్లలో పెట్రోలు క్రాంక్ కేసు గుండా వెళ్లేది. మామూలు నూనెను అది కడిగేసేది, ఆముదాన్ని కడగలేకపోయేది. క్యాస్ట్రాల్ అన్న పేరులో ఉన్నది కూడా క్యాస్టర్, అంటే ఆముదమే. పెట్రోలుతో అంతగా పొసగని ఆముదం ఆల్కహాల్‌తో ఇట్టే కలుస్తుంది. దానిలోని రిసినోలిక్ ఆమ్లంలో, ఆల్కహాల్‌లో ఉండే హైడ్రాక్సిల్ సమూహమే ఉండటం దానికి కారణం. మా చెలకలో పండింది ఎక్కడో అయోవా గ్యారేజీలో పిస్టన్‌ను కాపాడుతోందంటే నాకు గర్వంగా ఉంది. అయితే ఇంట్లో కాచిన ఆముదం ఎవరూ ట్యాంకులో పోయకండి. శుద్ధి చేసి, మందులు కలిపిన రేసింగ్ ఆయిల్ వేరు. అది కూడా జిగురు కడుతుంది, అప్పుడప్పుడు విప్పి శుభ్రం చేసుకోవాల్సిందే.

మళ్లీ బండి దగ్గరికి వస్తాను. లీటరు ఇథనాల్‌లో ఉండే శక్తి లీటరు పెట్రోలులో ఉన్నదానికి మూడింట రెండు వంతులే. కిలో పెట్రోలు మండటానికి 14.7 కిలోల గాలి కావాలి, ఇ85కు పది కిలోలు కూడా అక్కర్లేదు. లోపలికి వచ్చే గాలి అంతే కాబట్టి, లీటర్ల లెక్కన ఇంధనం దాదాపు నలభై శాతం ఎక్కువ పంపాలి. లేకపోతే మిశ్రమం పలచబడి పిస్టన్‌కు కన్నం పడుతుంది. మేనల్లుడు రెండు కార్బ్యురేటర్లలోనూ 200 మెయిన్ జెట్లు తీసి 280వి వేశాడు. రెండింటినీ నా అరచేతిలో పెట్టాడు. కంటికి తేడా వెంట్రుకవాసి. ఆ వెంట్రుకవాసిలోనే ఇంజిన్ ప్రాణం ఉంది. స్లో జెట్, నీడిల్, ఫ్లోట్ వాల్వ్, పెట్రోల్ కాక్, రబ్బరు పైపులు అన్నీ మారాయి. ఇథనాల్ ఆక్టేన్ వందకు పైనే కాబట్టి హెడ్‌లో చిన్న డోమ్‌లు వేసి కంప్రెషన్ పెంచాడు. అది చేయకపోతే పెద్ద లాభం లేదన్నాడు, నిజమే.

ఇ85 అని రాసి ఉన్నా అందులో ఇథనాల్ కాలాన్ని బట్టి 51 నుంచి 83 శాతం దాకా ఉంటుంది, చలికాలంలో తగ్గిస్తారు. అందుకని ప్రతిసారీ కొలుస్తాడు. గీతల గొట్టంలో యాభై వంతుల నీళ్లు, యాభై వంతుల ఇంధనం పోసి ఊపితే ఇథనాల్ నీళ్లలోకి దిగిపోతుంది. కింది గీత తొంభైకి చేరింది. అంటే ఎనభై శాతం.

పొలం గట్టున పది నిమిషాలు నడిపి వచ్చాడు. మండే ఎండ. కార్బ్యురేటర్ మీద చెయ్యి పెడితే చల్లగా ఉంది, మంచినీళ్ల కుండలా చెమట పట్టింది. ఆవిరి కావడానికి ఇథనాల్ పెట్రోలు కంటే రెండున్నర రెట్ల వేడి లాక్కుంటుంది మరి. నేను అలవాటు ప్రకారం ప్లగ్గు విప్పమన్నాను. ప్లగ్గు రంగు చూస్తే ఇంజిన్ ఆరోగ్యం తెలుస్తుందని ఇదే కాలమ్‌లో ఎన్నిసార్లు చెప్పానో. ప్లగ్గు తెల్లగా ఉంది. "పలచగా నడుస్తోంది, ఆపు" అన్నాను. "ఇథనాల్‌కు మసి ఉండదు మామా, రంగు నమ్మొద్దు. పిస్టన్ చూడు" అంటూ టార్చి ఇచ్చాడు. ప్లగ్గు రంధ్రంలోంచి చూస్తే పిస్టన్ తల అంచుల్లో, పోర్టుల ఎదురుగా, కడిగినట్టు నెలవంకలు మెరుస్తున్నాయి. ఇంధనం సరిపడా అందుతోందనడానికి అదే గుర్తు.

పోయిన ఏడాది నకిరేకల్ దాటాక నా పాత స్కూటర్ పట్టేసింది. బోరుకు వచ్చింది. ఇథనాల్ చంపిందని రాశాను. కార్బ్యురేటర్ జోలికి పోవద్దు, కంపెనీ పెట్టింది కంపెనీకే తెలుసు అని ఏళ్ల తరబడి మీకు చెప్పిందీ నేనే. ఆ మాట ఇవాళ వెనక్కి తీసుకుంటున్నాను. కంపెనీ ఆ జెట్ వేసింది అప్పటి పెట్రోలుకు. పెట్రోలు మారింది, నేను జెట్ మార్చలేదు. ఇథనాల్ చెడ్డది కాదు. దానికి తగ్గట్టు ఇంజిన్‌ను సిద్ధం చేయకుండా పోయడమే చెడ్డది. పాత బండి ఉన్నవాడికి ఆ సంగతి చెప్పే బాధ్యత అమ్మేవాళ్లదీ, మెకానిక్‌దీ, రాసే నాదీ.

కార్బ్యురేటర్ ఉన్న పాత టూ స్ట్రోక్ మీ ఇంట్లో ఉంటే నమ్మకమైన మెకానిక్ దగ్గరికి తీసుకెళ్లండి. రబ్బరు పైపులు మార్పించండి. మన ఇరవై శాతానికి ప్లగ్గు రంగు ఇంకా పనికొస్తుంది. తెల్లబడితే మెయిన్ జెట్ ఒక సైజు పెంచమని అడగండి. వారం పైన బండి కదపనప్పుడు కాక్ మూసి బౌల్ ఖాళీ చేయండి. నేను వచ్చే నెల హైదరాబాద్ చేరగానే నా స్కూటర్‌కు ముందు చేయించేది ఈ పనే.