‘ఫారెన్‌హీట్ 9/11’: దృశ్యసాక్ష్యం - వ్యాఖ్యానం

మైకేల్ మూర్ రూపొందించిన ‘ఫారెన్‌హీట్ 9/11’ 2004లో కాన్ చిత్రోత్సవంలో అత్యున్నత పురస్కారం పొందింది. అది సత్యమా, ప్రచారమా అన్న ప్రశ్న చుట్టూనే వివాదమంతా నడిచింది. ప్రేక్షకుని అభిప్రాయం ఏ క్షణంలో, ఏ సాధనంతో రూపుదిద్దుకుంటున్నదన్నది అంతకన్నా కీలకమైన ప్రశ్న.

ఫ్లోరిడాలోని పాఠశాల ఘట్టం ఇందుకు తగిన ఉదాహరణ. 2001 సెప్టెంబర్ 11న రెండవ విమానం ఢీకొన్న వార్తను సహాయకుడు అధ్యక్షుడు బుష్ చెవిలో చెప్పాడు. ఆ తరువాత కూడా బుష్ పిల్లల మధ్య దాదాపు ఏడు నిమిషాలు కూర్చొనే ఉన్నారు. ఇది మూర్ చిత్రీకరించినది కాదు. తరగతి గదిలోని కెమెరాలకు చిక్కినది. ఇంతవరకు అది సాక్ష్యమే. అయితే దానిపై మూర్ కంఠం ప్రవేశించి, ఆ సమయంలో బుష్ మనసులో ఏమున్నదో ఊహించడం మొదలుపెడుతుంది. ఎదురుగా ఉన్న ముఖం కాదనలేనిది కనుక, దానికి తగిలించిన ఆలోచనను సైతం ప్రేక్షకుడు తాను కళ్లారా చూసినట్టే భావిస్తాడు. నిబ్బరం కనబరచాలనుకున్నానని బుష్ తరువాత ఇచ్చిన వివరణకూ అదే దృశ్యం సరిపోతుందన్నది అతనికి తోచదు.

ఇదే చిత్రంలో జంట భవనాలపై దాడి కనిపించదు. తెర నల్లబడి, శబ్దాలు మాత్రమే వినిపిస్తాయి. వ్యాఖ్యాత మౌనం వహించిన ఆ కొద్దిసేపు, దృశ్యాన్ని ప్రేక్షకుడే తన స్మృతి నుండి పూరించుకోవాలి. చిత్రం మొత్తంలో బలమైన భాగమిదే. మూర్ రాజకీయాలతో విభేదించేవారిని కూడా ఈ చీకటి తాకుతుంది.

ఆ ఏడాది నవంబర్‌లో బుష్ తిరిగి గెలిచినందున చిత్రం విఫలమైందన్న వాదన తొందరపాటు. ఓట్ల లెక్క చిత్రప్రభావానికి కొలమానం కాదు. లోపం మరోచోట ఉంది. ఏడు నిమిషాల నిడివే తిరుగులేని సాక్ష్యం కాగా, మూర్ దానిని కత్తిరించి, మిగిలినదానిని తన మాటలతో నింపారు.