వయసు దాచుకున్న నక్షత్రాలను పట్టిన పనితనం

హెచ్‌డి 161796 వర్ణపటం చూసినవారెవరైనా అది ఎఫ్ తరగతి సూపర్ జెయింట్ అనే అంటారు. అంటే భారీ నక్షత్రం, వయసులో చిన్నది. అలాంటివి పుట్టినచోటు వదిలి దూరం పోయేంత కాలం బతకవు, పాలపుంత తలంలోనే ఉండాలి. ఇదేమో ఆ తలానికి 30 డిగ్రీలు ఎడంగా ఉంది. దానికి అక్కడేం పని?

బెంగళూరులోని భారత ఖగోళభౌతిక సంస్థకు చెందిన ఎం. పార్థసారథి, నెదర్లాండ్స్‌కు చెందిన స్టూవర్ట్ పొటాష్ 1986లో దీనికి జవాబు రాశారు. వారు ఆధారపడింది ఐరాస్ ఉపగ్రహం 1983లో సేకరించిన పరారుణ కొలతల మీద. ఆ పట్టిక అందరికీ అందుబాటులో ఉన్నదే. దాన్ని ఏమడగాలో తెలియడమే వారి గొప్పతనం.

12 మైక్రాన్ల దగ్గర ఈ తార నుంచి వచ్చే కాంతి కొంచెమే. 25 మైక్రాన్లకు వచ్చేసరికి అది దాదాపు 30 రెట్లు. అంటే తార చుట్టూ ధూళి ఉంది, కానీ చల్లని ధూళి. దగ్గర్లో వేడి ధూళి లేదంటే తార ధూళిని విసరడం మానేసిందన్నమాట. ఎప్పుడో విసిరిన పొర దూరంగా జరిగిపోతోంది. ముసలి తారలు వదిలేసిన పొరలు వెలిగే గ్రహ నీహారికల్లో కనిపించే ధూళి కూడా ఇలాంటిదే. కాబట్టి ఇది పడుచు తార కాదు. సూర్యుడి లాంటి చిన్న తారే, ముసలితనంలో పైపొరలు వదిలేసి నీహారిక దశకు నడుస్తోంది. ఉన్న చోటు, ధూళి చల్లదనం, వర్ణపటం మూడూ కలిస్తేగాని తీర్పు చెప్పలేదు. నాకు అన్నిటికంటే నచ్చింది ఆ నిదానం.

తర్వాత ఇంకా అరుదైనది దొరికింది. దక్షిణాకాశంలోని ఎస్‌ఏఓ 244567 1971లో వేడి సూపర్ జెయింట్‌లా ఉండేది. 1990, 1992 వర్ణపటాల్లో గ్రహ నీహారిక గీతలు వెలిగాయి. పార్థసారథి బృందం 1993లో ఈ మార్పును ప్రకటించింది. వేల ఏళ్లు పట్టాల్సిన మార్పు ఒక మనిషి ఉద్యోగకాలంలో జరిగిపోయింది! 2016 నాటి హబుల్ చిత్రాల్లో ఆ నీహారిక బాగా మసకబారింది కూడా.

భీమవరం నుంచి ఈ రెండోది దక్షిణాన 14 డిగ్రీల ఎత్తుకు మించి లేవదు, మామూలు కంటికి ఆనదు. హెచ్‌డి 161796 మాత్రం మనకు అందుతుంది. జూన్ నెలలో అర్ధరాత్రి దాటాక ఉత్తరాన సగానికి పైఎత్తున, హెర్క్యులిస్ మండలంలో ఉంటుంది. నక్షత్రపటం దగ్గర పెట్టుకుని, మామూలు బైనాక్యులర్స్‌తో వెతకండి.